చలికాలంలో బోన్సాయ్: ఆరుబయట ఉంచాలా, ఇంట్లో పెట్టాలా? తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు సమగ్ర మార్గదర్శి

బోన్సాయ్ అంటే లోతు తక్కువ కుండీలో చెట్టును చిన్నదిగా, అందమైన ఆకృతిలో పెంచే కళ. దాని పెంపకం గురించి మనకు దొరికే సలహాల్లో చాలా భాగం మంచు కురిసే దేశాల నుంచి వచ్చినవే. నవంబరు రాగానే చెట్టును లోపలికి తెచ్చుకోమనీ, వేర్లు గడ్డకట్టకుండా కుండీ చుట్టూ గడ్డి కప్పమనీ అవి చెబుతాయి. ఆ దేశాల్లో, చెట్టు జాతిని బట్టి, ఆ మాటలు సరైనవే. తిరుపతిలో మాత్రం జనవరి నెల తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత సాధారణంగా 18 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది కనుక, ఇక్కడ మంచుకు భయపడి చెట్టును గదిలో పెట్టడం దానికి లేని కష్టాన్ని తెచ్చిపెట్టడమే అవుతుంది. మన చలికాలంలో కుండీ చెట్టును నిజంగా దెబ్బతీసేవి రెండు. ఒకటి, అక్టోబరు నడుమ నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపానులు తెచ్చే ఎడతెగని తడి. రెండు, చెట్టును లోపలికి మార్చినప్పుడు కలిగే వెలుతురు లేమి. ఈ మార్గదర్శిలో చెప్పే ప్రతి పనీ ఈ రెండింటి నుంచి చెట్టును కాపాడడానికి ఉద్దేశించినదే.

మొదటి పని: మీ చెట్టు ఏ వాతావరణానికి చెందినదో తేల్చుకోండి

లోపలా, బయటా అన్న ప్రశ్నకు జవాబు చెట్టు పుట్టుకలోనే ఉంది. మర్రి, రావి, జువ్వి, మేడి, చింత, సీమచింత, కాగితపు పూల చెట్టు, నర్సరీల్లో విరివిగా అమ్మే గుండ్రటి వేరుదుంపల ఫైకస్ (మర్రి వర్గపు చెట్టే), దళసరి ఆకుల జేడ్, ఎడారి గులాబీ వంటివన్నీ వెచ్చని ప్రాంతాల చెట్లు. వీటికి చలికాలపు నిద్ర, అంటే ఎదుగుదల ఆపి విశ్రాంతి తీసుకోవడం, అవసరం లేదు. తిరుపతిలో ఏడాది పొడవునా ఆరుబయటే ఉండగలవు, ఉండాలి కూడా. జునిపర్, జపాన్ మేపుల్, పైన్ జాతుల్లో చాలా వరకు సమశీతల ప్రాంతాలవి. వాటికి చలి ఒక అవసరం. ఆ చలి మన ఊళ్లో దొరకదు. వాటి సంగతి తరువాత విడిగా చెబుతాను.

మొక్క కొనేటప్పుడు నర్సరీ వారు పేరు చెప్పకపోతే పట్టుబట్టి అడగండి. "ఇండోర్ బోన్సాయ్" అన్న చీటీని మాత్రం నమ్మవద్దు. ఇంటి లోపల పుట్టిన చెట్టు జాతి అంటూ ప్రపంచంలో ఏదీ లేదు. తక్కువ వెలుతురును కొంతకాలం ఓర్చుకునే జాతులు ఉన్నాయి, అంతే. బోన్సాయ్ కళకు పేరుపడ్డ జపాన్‌లో కూడా చెట్టును గదిలోని అలంకరణ గూటిలో కొద్ది రోజులు మాత్రమే ప్రదర్శించి, మళ్లీ ఆరుబయటి బల్లపైకి చేరుస్తారు. సంక్రాంతికి చుట్టాలు వస్తున్నారని మీరూ చెట్టును ఒకటి రెండు రోజులు హాల్లో పెట్టుకోవచ్చు, దానివల్ల చెట్టుకు వచ్చే నష్టమేమీ లేదు. పండుగ అయ్యాక అక్కడే మరిచిపోతేనే చిక్కు.

కొత్తగా ఈ విద్యలోకి వచ్చేవారికి ఒక మాట. శేషాచలం అడవుల్లోని ఎర్రచందనం మొక్కనో, కొండవాలున గాలికి వంకర తిరిగిన మరో చెట్టునో పెకలించి తెచ్చుకోవాలన్న ఆశ పెట్టుకోకండి. అది చట్టరీత్యా నేరం, అడవికీ అన్యాయం. పాత గోడల పగుళ్లలో, డాబాల మీద పక్షులు వేసిన గింజలకు మొలిచే రావి, జువ్వి మొక్కలు మన ఊళ్లలో కావలసినన్ని ఉంటాయి. ఇంటి యజమానులు వాటిని ఎలాగూ పీకి పారేస్తారు కనుక అడిగితే సంతోషంగా ఇస్తారు. రాతి సందుల్లో పెరిగిన వాటి వేర్లలో ఉండే అందం నర్సరీ మొక్కల్లో అరుదుగా కనిపిస్తుంది.

రెండో పని: వానలు రాకముందే కుండీని సిద్ధం చేయండి

దసరా వెళ్లేలోపు ప్రతి కుండీనీ ఒకసారి ఎత్తి అడుగు చూడాలి. రంధ్రాల గుండా వేర్లు బయటికి వచ్చి దారి మూసుకుపోయి ఉంటే, అలా వేలాడుతున్న వేర్ల కొసలను కత్తిరించి, సన్నని వెదురు పుల్లతో రంధ్రాన్ని మెల్లగా శుభ్రం చేయండి. కుండీని నేలమీద నేరుగా పెట్టవద్దు. రెండు ఇటుకల మీద గానీ చెక్క పట్టీల మీద గానీ పెడితే అడుగున గాలి ఆడుతుంది, నీరు కారిపోవడానికి చోటు ఉంటుంది. కింద పెట్టిన పళ్లేలను వానాకాలం ముగిసేవరకు తీసివేయండి.

ఇంత జాగ్రత్త ఎందుకో కొంచెం వివరంగా తెలుసుకోవాలి. కుండీలో పోసిన నీరంతా కిందికి కారిపోదు. కారడం ఆగిపోయిన తరువాత కూడా అడుగున కొంత మందం మేర మట్టి నీటితో పూర్తిగా నిండి ఉంటుంది. ఆ మందం కుండీ లోతును బట్టి కాక మట్టి రేణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. రేణువులు ఎంత సన్నగా ఉంటే నిలిచే నీరు అంత మందం. ఇరవై సెంటీమీటర్ల లోతున్న మామూలు పూలకుండీలో ఆ తడి పొర చిన్న భాగమే కనుక మొక్కకు ఇబ్బంది ఉండదు. ఐదు సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ పళ్లెంలో మాత్రం అదే పొర సగం కుండీని ఆక్రమించగలదు. ఆ నీటిలో వేర్లకు ప్రాణవాయువు అందదు. ఎండాకాలంలో ఆకులు నీటిని త్వరగా లాగేస్తాయి కాబట్టి వేర్లు తట్టుకుంటాయి. మబ్బు పట్టిన నవంబరు వారంలో ఆకులు నీటిని లాగవు, మట్టి ఆరదు, వేర్లు కుళ్లడం మొదలవుతుంది. పైకి చెట్టు అప్పటికి పచ్చగానే కనిపిస్తుంది కనుక ప్రమాదం జరిగిందని మనకు తెలిసేది ఆ తరువాతే.

ఈ కారణంగానే బోన్సాయ్ మట్టి గరుకుగా ఉండాలి. నా అభిప్రాయంలో మన వానలకు ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, రెండు పాళ్లు జల్లించిన ఇటుక ముక్కలు కలిపిన మిశ్రమం బాగా నప్పుతుంది. ఇటుక ముక్కలు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల మధ్య ఉంటే చాలు, ఇటుక పొడిని మాత్రం తప్పకుండా జల్లించి తీసివేయాలి. జేడ్‌కూ ఎడారి గులాబీకీ ఇటుక ముక్కల పాలు ఇంకా పెంచవచ్చు. అయితే అక్టోబరులో మట్టి మార్చే పని పెట్టుకోకండి. వేర్లు కత్తిరించిన చెట్టు కోలుకోవడానికి వెచ్చదనం, వెలుతురు కావాలి. వచ్చే రెండు నెలలూ ఆ రెండూ తగ్గుతూ పోతాయి. ఈ ఏటికి ఉన్న మట్టితోనే గడిపి, మార్పును మాఘమాసం చివరి వరకు వాయిదా వేయడం మంచిది.

మూడో పని: వాన రోజుల్లో ఏం చేయాలి

వానను పూర్తిగా తప్పించనక్కరలేదు. బోరు నీరు పోసే ఇళ్లలో కుండీ అంచుల వెంట, మొదలు చుట్టూ తెల్లటి లవణపు పొర పేరుకుంటుంది. తొలి వానలు ఆ లవణాలను కడిగేస్తాయి కనుక మర్రి, జువ్వి, చింత, కాగితపు పూల చెట్లను ఒకటి రెండు మంచి వానలకు తడవనివ్వండి. ఎడారి గులాబీని, జేడ్‌ను మాత్రం అక్టోబరు నడిమి నుంచే గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే సన్‌షేడ్ కిందికో, పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు కిందికో చేర్చడం మంచిది. ఉబ్బిన మొదలులో నీరు దాచుకునే చెట్టుకు పైనుంచి కూడా నీరు దొరుకుతూ ఉంటే మొదలు మెత్తబడి కుళ్లిపోతుంది.

ముసురు మూడు రోజులకు మించి పట్టిందంటే మిగతా చెట్లకు చేయవలసిన సులువైన ఉపాయం కుండీని వాల్చడం. పొడవాటి కుండీకి ఒక చివర కింద సగం ఇటుక పెట్టి, కుండీ పొడవునా ఏటవాలు వచ్చేలా నిలపండి. నిమిషం తిరగకుండానే పల్లంలో ఉన్న రంధ్రం గుండా నీరు మళ్లీ కారడం మొదలవుతుంది. అంతకుముందు బల్లపరుపుగా ఉన్నప్పుడు ఒక్క చుక్కా రాలని కుండీ నుంచి చిన్న గ్లాసెడు నీరు దిగడం మీరే చూస్తారు. తడి స్పంజిని అడ్డంగా పట్టుకుంటే నిలిచి ఉన్న నీరు, నిలువుగా తిప్పగానే ధారకట్టినట్టే ఇదీ జరుగుతుంది. వాన వెలిశాక కుండీని మళ్లీ సమంగా పెట్టాలి.

తుపాను హెచ్చరిక వచ్చిందంటే విషయం వేరు. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తెచ్చిన గాలివానలు ఇక్కడి వారికి గుర్తుండే ఉంటాయి. అలాంటి రోజుల్లో పిట్టగోడల మీద, ఎత్తైన బల్లల మీద ఉన్న కుండీలను ముందురోజే దించివేయాలి. చెట్టు విరగడం ఒక నష్టమైతే, రెండో అంతస్తు నుంచి కుండీ వీధిలో ఎవరి మీదనైనా పడడం దానికి మించిన ప్రమాదం. చెట్లను చేరవేయడానికి వరండా, మెట్ల కింది చోటు, కిటికీ పక్క గది ఏదైనా పరవాలేదు. రెండు నుంచి నాలుగు రోజులు లోపల ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు ఏమీ కాదు. లోపల ఉన్నన్నాళ్లూ మట్టి పైపొర ఆరేవరకు నీరు పోయకండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. తుపాను దాటిన మరుసటి ఉదయమే బయటికి చేర్చండి. ఈ చివరి మాటను గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "ఎలాగూ చలికాలమే కదా, ఇక్కడే ఉండనిద్దాం" అనుకునే ఇళ్లలోనే చెట్లు నష్టపోతాయి.

నాలుగో పని: ఎండ ఎటు వస్తున్నదో చూసి చోటు మార్చండి

తిరుపతి ఉన్న అక్షాంశం దగ్గర డిసెంబరు చివరి వారాల్లో పగటి నిడివి సుమారు 11 గంటల 20 నిమిషాలు ఉంటుంది. జూన్‌లోని పగటితో పోలిస్తే గంటన్నర మాత్రమే తక్కువ. కనుక పగలు చిన్నదైందని చెట్టు బెంగపడదు. మారేది ఎండ పడే దిక్కు. దక్షిణాయనం ముగిసే రోజుల్లో నడినెత్తికి రావలసిన సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణ దిక్కున 53 డిగ్రీల ఎత్తులోనే నిలుస్తాడు. దీని ఫలితం మీ బాల్కనీలో స్పష్టంగా కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పైకప్పు నీడలో ఉండిపోయే దక్షిణపు బాల్కనీలోకి డిసెంబరులో ఎండ లోపలి గోడ దాకా వస్తుంది. ఉత్తరపు బాల్కనీలో నేరుగా పడే ఎండే ఉండదు.

కాబట్టి కార్తీకం నుంచి మాఘం వరకు చెట్లను దక్షిణం గానీ తూర్పు గానీ చూసే చోటికి మార్చండి. చలికాలపు ఎండ తీక్ష్ణంగా ఉండదు కనుక వేసవిలో కట్టిన షేడ్ నెట్‌ను కూడా తీసివేయవచ్చు. నాలుగు నుంచి ఆరు గంటల నేరు ఎండ దొరికితే మర్రి, జువ్వి, చింత, కాగితపు పూల చెట్టు ఈ నెలల్లో నిలకడగా ఉంటాయి. కాగితపు పూల చెట్టుకు ఎండ ఎక్కువగా, నీరు కాస్త తక్కువగా ఉండే ఈ రోజులే పూతకు మేలైనవి.

ఐదో పని: నీరు, ఎరువు తగ్గించండి

ధనుర్మాసం వచ్చేసరికి వానలు వెనకబడతాయి, తెల్లవారుజామున ఆకుల మీద మంచు బిందువులు నిలుస్తాయి, గాలి పొడిబారుతుంది. అంతవరకు నీరు ఎక్కువై బాధపడిన చెట్టు ఇప్పుడు ఎండిపోయే అవకాశమూ ఉంది. ఆకు తడిగా ఉన్నంత మాత్రాన మట్టి తడిగా ఉన్నట్టు కాదు. గడియారం చూసి నీరు పోసే అలవాటును ఈ నెలల్లో పూర్తిగా మానుకోవాలి. సన్నని వెదురు పుల్లను మొదలుకు దూరంగా, కుండీ అడుగు తాకేవరకు దించి పది నిమిషాలు ఉంచి బయటికి తీయండి. పుల్ల సగానికి పైగా నల్లబడి చల్లగా తగిలితే ఆ రోజు నీరు అక్కరలేదు. కొస మాత్రమే తడిగా ఉంటే నీరు పోయండి. పోసినప్పుడు అడుగు రంధ్రాల నుంచి కారేంత నిండుగా పోయాలి, రోజూ కాసిన్ని చిలకరించడం వల్ల లోపలి వేర్లు ఎండిపోతాయి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పోస్తే రాత్రి చలికి ముందే పైమట్టి ఆరుతుంది.

ఎడారి గులాబీ రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగితే ఎదుగుదల ఆపి ఆకులు రాలుస్తుంది. ఆకులు రాలిన చెట్టుకు దాదాపు నీరు మానేయండి. మొదలును వేలితో నొక్కితే కొద్దిగా వదులుగా ఉండడం దాహానికి గుర్తు, అప్పుడు కొంచెం పోయవచ్చు. మెత్తగా లోపలికి దిగిపోతే మాత్రం అది కుళ్లు. ఆ భాగాన్ని పదునైన కత్తితో ఆరోగ్యకరమైన తెల్లని కండ కనిపించేవరకు చెక్కి, నీడలో కొన్ని రోజులు ఆరనివ్వడం ఒక్కటే మార్గం.

ఎరువు విషయం క్లుప్తంగా చెబుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో నత్రజని ఎక్కువగా ఉండే ఎరువులు వేయకండి. గట్టి కత్తిరింపులు కూడా ఆపండి. ఆకృతి కోసం కొమ్మలకు లోహపు తీగ చుట్టడం కావాలంటే చేసుకోవచ్చు, ఎదుగుదల నెమ్మదిగా ఉంటుంది కనుక తీగ బెరడులో దిగబడదు.

ఆకులు రాలితే కంగారుపడేముందు చెట్టు స్వభావం చూడండి. రావి, చింత చలికాలం చివర ఆకు రాల్చడం సహజమే. సందేహం ఉంటే చిన్న కొమ్మ మీద బెరడును గోటితో కాస్త గీకి చూడాలి. కింద పచ్చగా, తేమగా ఉంటే కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఎండినట్టే.

ఇంట్లో ఉంచక తప్పని వారికి

అపార్ట్‌మెంట్లలో ఎండ పడే బాల్కనీ లేనివారు, కోతుల బెడద వల్ల డాబా మీద ఏమీ ఉంచలేనివారు ఉన్నారు. వారి ఇబ్బంది నిజమైనది కనుక లోపల పెంచడం గురించీ చెప్పాలి. ఆరుబయట మంచి ఎండలో వెలుతురు లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వరకు ఉంటుంది. మన కంటికి కాంతిమంతంగా తోచే హాలు నడుమ అది 100 నుంచి 500 లక్స్‌కు మించదు. కంటిపాప వెడల్పు మార్చుకొని సర్దుకుంటుంది కాబట్టి మనకు ఆ తేడా తెలియదు, ఆకుకు మాత్రం అది ఆకలే. అందుచేత చెట్టును కిటికీకి ఒక అడుగు దూరంలో, వీలైతే దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాలి. అది కుదరకపోతే తెల్లని ఎల్ఈడీ దీపాన్ని కొమ్మల కొసలకు ఒక అడుగు ఎత్తున అమర్చి, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించండి.

లోపల ఉంచడానికి జువ్వి, ఫైకస్ జాతులు కొంత అనువైనవి. చింత, కాగితపు పూల చెట్టు, జునిపర్ పనికిరావు. చోటు మారిన కొత్తలో ఫైకస్ కొన్ని ఆకులు రాలుస్తుంది, అప్పుడు నీరు ఎక్కువ పోస్తే వేర్లు కుళ్లుతాయి. లోపలి గాలి కదలదు కనుక ఆకుల అడుగున, కణుపుల దగ్గర పిండినల్లి, పొలుసు పురుగు చేరతాయి. వారానికొకసారి ఆకు తిప్పి చూసి, కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి.

పడమటి మండలాల్లో

పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు నేల మట్టం తిరుపతి కంటే ఎంతో ఎత్తు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన అక్కడి రాత్రులు తిరుపతి కంటే మూడు నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటాయి. సుమారు 1,265 మీటర్ల ఎత్తున్న హార్స్‌లీ హిల్స్ మీద తేడా ఏడు డిగ్రీలకు చేరుతుంది. అక్కడ కూడా మర్రి, జువ్వి బయటే ఉండవచ్చు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉత్తరపు చలిగాలి తగలకుండా గోడ పక్కకు జరిపితే చాలు, పగలంతా ఎండకు వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిని వదులుతుంది. ఎడారి గులాబీని మాత్రం 12 డిగ్రీల కంటే దిగే రాత్రుల్లో లోపల పెట్టి పగలు బయట పెట్టండి.

చలి కోరే చెట్లు, చలి దేశాల్లోని మనవారు

జునిపర్, మేపుల్ వంటి చెట్లు పగలు తగ్గి చలి పెరిగే సూచనలను బట్టి నిద్రలోకి వెళతాయి. ఆ జాతుల్లో చాలా వాటికి 0 నుంచి 7 డిగ్రీల మధ్య సుమారు వెయ్యి గంటల చలి దొరికితేనే వసంతంలో మొగ్గలు సక్రమంగా విచ్చుకుంటాయి. తిరుపతిలో అలాంటి గంట ఒక్కటీ ఉండదు. కనుక జపాన్ మేపుల్‌ను ఇక్కడ కొనవద్దని నా సలహా. జునిపర్ కొంత ఓర్పు గలదే, బెంగళూరు వంటి చోట్ల పెంచుతున్నారు. తిరుపతి వేడి రాత్రులకు అది క్రమంగా బలహీనపడుతుంది. ఇంట్లో పెడితే ఇంకా త్వరగా పోతుంది. పైగా జునిపర్ చనిపోయిన కొన్ని వారాల వరకు ఆకులు పచ్చగానే ఉంటాయి కనుక, గోధుమ రంగు కనిపించాక చేసే చికిత్స ఏదీ ఫలించదు. అలాంటి ఆకృతి మీద మనసుపడినవారు చైనీస్ ఎల్మ్‌ను ప్రయత్నించవచ్చు. వెచ్చని చోట అది నిద్ర లేకుండానే సర్దుకుపోగలదు.

మంచు దేశాల్లో ఉన్న మన పిల్లలు ఫోన్ చేసి అడిగితే చెప్పవలసినది ఇందుకు పూర్తిగా భిన్నం. రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 12 డిగ్రీలకు దిగిన వెంటనే ఫైకస్ లోపలికి రావాలి. జునిపర్, మేపుల్ బయటే ఉండాలి. అయితే ఆ చెట్ల కొమ్మలు తట్టుకునే చలిని కుండీలోని వేర్లు తట్టుకోలేవు కనుక, కుండీని నేలలో అంచు వరకు పాతి, పైన ఎండుటాకులో చెక్కపొట్టో మందంగా పరచాలి. లేకపోతే హీటర్ లేని గ్యారేజీలో, 0 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంచాలి. అక్కడ కూడా మట్టి పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు నీరు పోయడం మరవకూడదు.

మహాశివరాత్రి తరువాత

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు ఊరికే అనలేదు. శ్రీకాళహస్తిలో బ్రహ్మోత్సవాలు జరిగే ఆ రోజుల నుంచే మన దగ్గర మధ్యాహ్నపు వేడి స్పష్టంగా పెరుగుతుంది. ఫైకస్ కొసల్లో మొగ్గలు ఉబ్బడం, చింత కొమ్మల్లో ఎర్రటి చిగురు తొంగిచూడడం గమనించి, మట్టి మార్పును అప్పుడు చేపట్టండి. వేర్లలో మూడో వంతుకు మించి తీయకుండా, నల్లబడి మెత్తగా ఉన్నవాటిని మొదట కత్తిరించి, కొత్త మట్టిలో నాటాక చెట్టు కదలకుండా సన్నని తీగతో కుండీకి కట్టండి. రెండు వారాలు నీడలో ఉంచాలి. చలికాలమంతా లోపల ఉన్న చెట్టునైతే మొదటి మూడు రోజులు పూర్తి నీడలో, ఆ తరువాత ఉదయపు ఎండలో రోజుకొక అరగంట చొప్పున పెంచుతూ పది రోజుల్లో బయటి ఎండకు అలవాటు చేయండి. నేరుగా ఎండలో పెడితే ఆకులు తెల్లబడి మాడిపోతాయి. మార్చి నడిమికల్లా షేడ్ నెట్‌ను మళ్లీ కట్టి, లోతు తక్కువ కుండీలకు రోజుకు రెండు పూటలా నీరు అందే ఏర్పాటు చేసుకోండి.